వరి, వ్రీహి, రైస్

శ్రోతలకు నమస్కారం.

'రైస్' ఇవాళ తెలుగు మాటే అయిపోయింది. మనకు ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఇంగ్లీషుకు ఫ్రెంచి నుంచి, ఫ్రెంచికి ఇటలీవాళ్ల 'రీసో' నుంచి. దాని వెనక లాటిన్, గ్రీకు భాషల 'ఒరుజా'. ఇంతవరకు తగువు లేదు. గ్రీకులకు ఆ మాట ఎవరిచ్చారన్న దగ్గరే పేచీ.

ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ 1856లో అది బియ్యానికి తమిళులు అనే 'అరిసి' అన్నాడు. మన రేవుల నుంచి బియ్యం ఓడ ఎక్కితే పేరు కూడా వెంట వెళ్లిందన్న కథ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. వినడానికి నాకూ ఇష్టమే. కానీ కాలం కుదరదు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలోనే గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ ఈ ధాన్యం గురించి రాశాడు. దక్షిణాది తీరానికి వాళ్ల ఓడలు బారులు తీరింది ఆ తర్వాత చాలాకాలానికి.

పైగా 'ఒరుజా'లోని 'జ' మరో దారి చూపిస్తోంది. సంస్కృతంలో 'హ' ఉన్నచోట ప్రాచీన ఇరాన్ భాషల్లో 'జ' పలుకుతుంది. మన 'హిరణ్యం' ప్రాచీన ఇరాన్ మతగ్రంథమైన అవెస్తాలో 'జరన్య'. అదే లెక్కన, సంస్కృతంలో వరికి పేరైన 'వ్రీహి' అక్కడ 'వ్రీజి' లాంటిది కావాలి. అఫ్ఘానిస్తాన్ వైపు పష్తో భాష మాట్లాడేవాళ్లు నేటికీ బియ్యాన్ని అలాంటి మాటతోనే పిలుస్తారు. అప్పటి ఏథెన్సు గ్రీకులో 'వ' లేదు కాబట్టి మొదట్లో 'ఒ' వచ్చి కూర్చుంది. అలెగ్జాండర్ వెంట వచ్చిన అరిస్టోబులస్ నీళ్లు కట్టిన మడుల్లో నాలుగు మూరల ఎత్తు పెరిగే ఈ పైరును వర్ణించాడు. బాక్ట్రియా (నేటి ఉత్తర అఫ్ఘానిస్తాన్ ప్రాంతం), బాబిలోనియా (నేటి ఇరాక్ ప్రాంతం)ల్లో కూడా పండుతుందని చెప్పాడు. మాట నడిచింది నేలదారిన, ఇరాన్ మీదుగా.

మరి 'వ్రీహి' ఎక్కడిది? నాకు అసలు ఆసక్తి ఇక్కడే. ఋగ్వేదంలో యవలున్నాయి, వ్రీహి లేదు. అథర్వవేదానికి వచ్చేసరికి రెండూ జంటగా కనిపిస్తాయి. సంస్కృతానికి చుట్టాలైన యూరప్ భాషల్లో దీనికి సొంత తోబుట్టువు లేదు. అంటే ఈ గడ్డ మీద పంటతో పాటు అందుకున్న మాట. ఎవరి నుంచి?

మన 'వరి'ని చూడండి. బహువచనం 'వడ్లు'. గోండిలో 'వంజి'. ఇవి ఒకే మూలం నుంచి వచ్చాయనీ, ఆ మూలంలో 'ంచి' వంటి ధ్వని ఉండేదనీ ద్రావిడ భాషావేత్తలు చెబుతారు. అటు పారసీకంలో బియ్యం 'బిరింజ్'. (బిర్యానీ దీన్నుంచే వచ్చిందని కొందరంటారు. వేయించినదనే అర్థమున్న 'బిర్యాన్' నుంచి అన్నదే సబబుగా తోస్తుంది.) 'వ్రీహి'లో లేని సున్న బిరింజ్‌లోనూ, వంజిలోనూ ఉంది! అందుకే ద్రావిడమే మూలమని కొందరు, అంతకన్నా పాతదైన, మాసిపోయిన ఏదో భాష నుంచి అందరూ తీసుకున్నారని మరికొందరు వాదిస్తున్నారు. నేను రెండోవైపు మొగ్గుతాను. దక్కను నుంచి ఇరాన్ దాకా అంత పాతకాలంలోనే ఒక్క మాట పరుచుకోవడానికి అదే సులువైన దారి.

ఈ తగువు తేలాలంటే సంస్కృత గ్రంథాలొక్కటే చాలవు. ఆదిలాబాద్‌లో, బస్తర్‌లో గోండి మాట్లాడే పెద్దవాళ్లు గింజకు, ఊకకు, నారుకు వాడే మాటలన్నీ వాళ్ల గొంతుతోనే రికార్డు కావాలి. ఆ పని వాళ్లుండగానే జరగాలి.