చక్రాలు నేల తాకాక విమానం పక్కకు లాగితే: ఫోన్-ఇన్ కార్యక్రమం

సమర్పకురాలు: శ్రోతలకు నమస్కారం. చిన్న విమానం దిగేటప్పుడు రన్‌వే మీద దిశ ఎందుకు తప్పుతుంది, తప్పకుండా ఎలా చూసుకోవాలి అన్న విషయం మీద ఈ రోజు మీ సందేహాలు అడగవచ్చు. చాలా ఏళ్లు శిక్షకులుగా పనిచేసిన కెప్టెన్ గారు మనతో ఉన్నారు. వరంగల్ నుంచి ఒక విద్యార్థిని లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం సర్. నేను సెస్నా 172 మీద శిక్షణ పొందుతున్నాను. ఈమధ్య ఎడమవైపు నుంచి గాలి వీస్తుండగా దిగాను. చక్రాలు మెత్తగానే తాకాయి కానీ, వెంటనే ముక్కు ఎడమకు తిరిగింది. కంగారుపడి కుడి పెడల్‌ను, దానితోపాటే బ్రేకును బలంగా తొక్కడంతో విమానం ఒక్కసారిగా కుడికి మళ్లి రన్‌వే అంచుదాకా వెళ్లి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. అయినా అప్పటినుంచి పక్కగాలి అంటేనే భయంగా ఉంది.

కెప్టెన్: మీరు క్షేమంగా ఉన్నారు, అదే ముఖ్యం. ఒక్క విషయం చెప్పండమ్మా. చక్రాలు తాకాక యోక్‌ను, అంటే రెక్కలను వంచే చేతి చక్రాన్ని, ఏం చేశారు?

శ్రోత: దిగిపోయాం కదా అని మధ్యకు తెచ్చేశాను సర్.

కెప్టెన్: చిక్కు అక్కడే మొదలైంది. విమానం గాలిలో ఉన్నప్పుడు ఎడమ రెక్కను గాలివైపు కొద్దిగా వంచి, కుడి రడ్డర్‌తో, అంటే కుడి పెడల్ తొక్కి తోకలోని కదిలే పలకను తిప్పి, ముక్కును రన్‌వే మధ్యగీత అయిన సెంటర్‌లైన్‌కు సమాంతరంగా నిలిపి ఉంటారు. నేల తాకినంత మాత్రాన గాలి ఆగదు. తోక మీద నిలువుగా ఉండే రెక్కను గాలి పక్కనుంచి నెడుతుంది కనుక ముక్కు గాలి వచ్చే దిక్కుకు, అంటే మీ విషయంలో ఎడమకు తిరగాలని చూస్తుంది. యోక్‌ను ఎడమకే ఉంచితే ఎడమ రెక్క పైకి లేవదు, పైగా కుడి రెక్క వెనుక అంచున కిందికి దిగిన ఎయిలెరాన్ అనే కదిలే పలక గాలిని అడ్డుకుని ముక్కును కొంత కుడికి లాగి మీకు సాయం చేస్తుంది. వేగం తగ్గేకొద్దీ ఎయిలెరాన్‌కు పట్టు తగ్గుతుంది, అందువల్ల యోక్‌ను మధ్యకు తేవడానికి బదులు మరింతగా గాలివైపుకే తిప్పుతూ పోవాలి. విమానం నెమ్మదించి టాక్సీవే మీదికి మళ్లేదాకా ల్యాండింగ్ పూర్తి కాలేదనే అనుకోండి.

సమర్పకురాలు: మరి కుడికి అంత వేగంగా ఎందుకు మళ్లింది?

కెప్టెన్: రడ్డర్, ముక్కుచక్రం, బ్రేకు మూడూ ఒకేసారి ఒకే వైపుకు పనిచేశాయి కాబట్టి. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు రడ్డర్ ఒక్కటే చాలు. చూపు రన్‌వే చివర నిలిపితే ముక్కు కొంచెం కదిలినా వెంటనే కనబడుతుంది, చిన్న ఒత్తిడితోనే సరిదిద్దవచ్చు. చూపు ముక్కు ముందరే ఉంటే ఆలస్యంగా గ్రహించి, అవసరానికి మించి తొక్కుతాము. ఇంకొక కారణం అధిక వేగం. వేగంగా వచ్చి విమానాన్ని బలవంతంగా నేలకు నొక్కితే బరువంతా ముక్కుచక్రం మీద పడి, వెనుక చక్రాలకు పట్టు ఉండదు. అప్పుడు కొద్దిపాటి గాలికి కూడా విమానం పక్కకు తిరుగుతుంది.

సమర్పకురాలు: విజయవాడ నుంచి ఒక పెద్దాయన మాట్లాడుతున్నారు.

రెండవ శ్రోత: నమస్కారమండీ. మా అన్నయ్య పూర్వం ఫ్లయింగ్ క్లబ్బులో పుష్పక్ నడిపేవారు. దాన్ని గాలిలో నడపడం కంటే నేల మీద అదుపులో ఉంచడమే కష్టమని అనేవారు. నిజమేనా?

కెప్టెన్: నిజమేనండీ. 1958లో తొలిసారి ఎగిరిన మన హెచ్.ఎ.ఎల్. పుష్పక్‌కు చిన్నచక్రం తోక కింద ఉండేది. అటువంటి విమానాల గరిమనాభి, అంటే బరువు కేంద్రీకృతమయ్యే బిందువు, ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది, అందుచేత ముక్కు ఒకసారి పక్కకు తిరగడం మొదలైతే వెనుక ఉన్న బరువు ఆ తిరుగుడును ఇంకా పెంచుతుంది. సకాలంలో ఆపకపోతే విమానం ఉన్నచోటనే చుట్టు తిరిగి, ఒక్కోసారి రెక్క నేలకు రాసుకుంటుంది. సెస్నా 172లో గరిమనాభి ప్రధాన చక్రాలకు ముందు ఉండడం వల్ల అది తనంతట తాను తిన్నగా పోవడానికే మొగ్గు చూపుతుంది. మీ అన్నగారి కాళ్లకు ఎంత మెళకువ ఉండేదో నాకు అర్థమవుతోంది.

సమర్పకురాలు: వరంగల్ విద్యార్థిని ఇంకా లైన్లోనే ఉన్నారు.

శ్రోత: సర్, మళ్లీ ఎలా మొదలుపెట్టమంటారు?

కెప్టెన్: ముందు లెక్క వేయడం అలవాటు చేసుకోండి. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటి వైపుకు దిగుతున్నప్పుడు నైరుతి గాలి రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో 16 నాట్ల (గంటకు సుమారు 30 కి.మీ.) వేగంతో వీస్తే, పక్కనుంచి తగిలేది అందులో సగం, అంటే 8 నాట్లు. 172 తయారీదారు పరీక్షించి చూపిన పక్కగాలి 15 నాట్లు, కానీ విద్యార్థికి శిక్షకుడు విధించే హద్దు అంతకంటే చాలా తక్కువగా ఉండాలి. తేలికపాటి పక్కగాలి ఉన్న రోజున శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చక్రాలు తాకించకుండా రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో చివరిదాకా ఎగరండి. రెక్క వంచి, రడ్డర్‌తో ముక్కును సెంటర్‌లైన్ మీదే నిలపడం ఆ సమయంలో చేతులకూ కాళ్లకూ అలవాటవుతుంది. నేల తాకక ముందే విమానం పక్కకు జారుతోందనిపిస్తే మొహమాటపడకుండా పూర్తి థ్రాటిల్ (ఇంజిన్ శక్తి) ఇచ్చి, ముక్కు ఎడమకు లాగకుండా కుడి రడ్డర్ అందిస్తూ, దిగేందుకు రెక్కల వెనుక కిందికి దించిన ఫ్లాప్స్ అనే పలకలను విడతలుగా తగ్గిస్తూ పైకి వెళ్లిపోండి. బ్రేకులు వేశాక మాత్రం ఆ ఆలోచన వద్దమ్మా. అప్పటికి మళ్లీ ఎగరడానికి తగిన వేగం, మిగిలిన రన్‌వే రెండూ చాలకపోవచ్చు.