నూనె ప్యాకెట్టు వచ్చిన దారి

శ్రోతలందరికీ నమస్కారం.

2022 మార్చి మొదటి వారం. మా వీధి చివర కిరాణా కొట్టు ముందు అట్టముక్క మీద రాసి వేలాడదీశారు: ‘సన్‌ఫ్లవర్ ఆయిల్ మనిషికి రెండు ప్యాకెట్లే’. నాకు ముందు నిలబడ్డ ఒక పెద్దావిడ కొట్టాయనతో పోట్లాడుతోంది. “ఎక్కడో యుద్ధమైతే నీ కొట్లో రేటెందుకు పెరగాలయ్యా? ఈ సరుకు పోయిన నెలలో దించుకున్నదేగా!”

ఆవిడ చెప్పింది నిజమే. లోపల పేర్చిన అట్టపెట్టెలు యుద్ధానికి ముందు వచ్చినవే. కొట్టాయన తల గోక్కుని, “పైనుంచే పెంచారమ్మా” అన్నాడు.

ఆ ‘పైన’ ఎక్కడుందో చూసొద్దామనే ఇవాళ్టి ప్రసంగం.

నేను పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు కరెంట్ అఫైర్స్ చెబుతుంటాను. వాళ్ల భాషలో అవన్నీ ‘బిట్లు’. ఫలానా జలసంధి ఏ సముద్రాలను కలుపుతుంది? ఫలానా ఒప్పందం ఏ నగరంలో జరిగింది? ఫలానా ఆపరేషన్ పేరేమిటి? అడగడమే ఆలస్యం, గడగడా అప్పజెప్పేస్తారు. అదే పిల్లల్ని ఆ పెద్దావిడ ప్రశ్న అడిగి చూడండి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్లు బట్టీపట్టిన బిట్లలో సగం ఆ ప్రశ్నకు జవాబులేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతికి వస్తాను. మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తుంది. ఏడాదికి కోటిన్నర టన్నులకు పైమాటే. నూనె వ్యాపారులకు సంవత్సరం జనవరిలో మొదలవదు, నవంబరులో మొదలై అక్టోబరుతో ముగుస్తుంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె ఎక్కువగా అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి వస్తాయి. ఇక పొద్దుతిరుగుడు నూనె. యుద్ధానికి ముందు మనం దిగుమతి చేసుకున్న దాంట్లో పది వంతుల్లో ఏడు వంతుల దాకా ఉక్రెయిన్‌ది, రెండు వంతులు రష్యాది. అంటే కొట్లాటకు దిగిన రెండు దేశాలూ మన మూకుట్లోనే ఉన్నాయి.

2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి దిగాయి. మనవాళ్లకు ఆ రోజులు గుర్తుండేది వేరే కారణానికి. అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలు బంకర్లలోంచి అమ్మానాన్నలకు ఫోన్లు చేస్తున్నారు. ‘ఆపరేషన్ గంగ’ పేరుతో సుమారు 22,500 మందిని వెనక్కి తీసుకొచ్చారు. పిల్లలైతే పొరుగు దేశాల సరిహద్దులు దాటి విమానమెక్కి వచ్చారు. నూనెకు ఆ వీలు లేదు. నల్లసముద్రం ఒడ్డున ఉక్రెయిన్ నగరం ఒడెసా చుట్టుపక్కల రేవులు మూతపడ్డాయి. ఎక్కించిన ఓడలు ఎక్కించినట్టే నిలిచిపోయాయి.

ఇక్కడే పెద్దావిడ ప్రశ్నకు సగం జవాబుంది. కొట్టాయన ఇవాళ అమ్మిన డబ్బుతో రేపు మళ్లీ సరుకు తెచ్చుకోవాలి. టోకు వ్యాపారి సంగతీ అంతే, రిఫైనరీ సంగతీ అంతే. అందుకని వాళ్లు రేటు కట్టేది కొన్న ధరను బట్టి కాదు, రేపు కొనాల్సి వచ్చే ధరను బట్టి. అలా లీటరు ప్యాకెట్టు 200 రూపాయల దాకా ఎగబాకింది. సరేలే, పామాయిల్‌తో సరిపెట్టుకుందాం అనుకునేలోపు, ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ పండించే దేశంలో సొంత జనానికి నూనె ధర అందకుండా పోయింది మరి. మే 23న ఆ నిషేధం ఎత్తేశారు. ఆ నాలుగు వారాలూ మిర్చి బజ్జీల బండివాళ్లు ఎలా నెట్టుకొచ్చారో వాళ్లనే అడగాలి.

జులై 22న ఇస్తాంబుల్‌లో ఐక్యరాజ్యసమితి, తుర్కియే కలిసి, ఉక్రెయిన్ రేవుల నుంచి సరుకు ఓడలను క్షేమంగా పోనిచ్చే నల్లసముద్రం ధాన్యం ఒప్పందం కుదిర్చాయి. తుర్కియే అంటే మన పాత టర్కీయే. అదే ఏడాది జూన్‌లో ఐక్యరాజ్యసమితి లెక్కల్లో పేరు మార్పించుకుంది. అదొక బిట్టు. ఒప్పందం పుణ్యమా అని ఆగస్టు 1న మొదటి ఓడ ఒడెసా నుంచి కదిలింది. 2023 జులై 17న రష్యా ఇక కొనసాగించనంది. ఆ తర్వాత ఉక్రెయిన్ ఓడలు రుమేనియా, బల్గేరియా తీరాలను ఆనుకుని నడవడం మొదలుపెట్టాయి. ఈలోగా రష్యా నూనె చవగ్గా దొరకడంతో మన వ్యాపారులు అటు మళ్లారు. మనకు పొద్దుతిరుగుడు నూనె అమ్మేవాళ్లలో ఇప్పుడు ముందున్నది రష్యాయే.

ఎవరు అమ్మినా ఓడ వచ్చే దారి మాత్రం ఒకటే. నల్లసముద్రం నుంచి బయటపడాలంటే బోస్ఫరస్ తప్ప వేరే గుమ్మం లేదు. ఇస్తాంబుల్ నగరం మధ్యలోంచి పోతుంది ఆ జలసంధి. బాగా ఇరుకైన చోట వెడల్పు 700 మీటర్లు, అంతే. మన రాజమండ్రి దగ్గర గోదావరి దీనికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. ఈ గుమ్మానికి కాపలా తుర్కియేదే. 1936 నాటి మాంత్రో ఒప్పందం ప్రకారం వర్తక ఓడలను పోనివ్వాలి, యుద్ధకాలంలో యుద్ధనౌకలను ఆపొచ్చు. 2022లో అదే పని చేసింది.

అక్కడినుంచి మధ్యధరా సముద్రం దాటితే సూయజ్ కాలువ. 1869లో తెరిచారు, 193 కిలోమీటర్ల పొడవు. 2021 మార్చి 23న ‘ఎవర్ గివెన్’ అనే ఓడ ఈ కాలువలో అడ్డం తిరిగి ఇరుక్కుంది. పొడవు 400 మీటర్లు. ముక్కు ఒక గట్టులో, తోక ఇంకో గట్టు దగ్గర. ఇరుకు సందులో లారీ అడ్డం తిరిగితే వెనక ఎన్ని బళ్లు ఆగుతాయో తెలుసు కదా, అలా 400కు పైగా ఓడలు రెండు వైపులా నిలబడిపోయాయి. అందులోని 25 మంది సిబ్బందీ మన భారతీయులే. ఓడల్ని లాగే టగ్గు పడవలతో లాగారు, ఇసుక తవ్వారు, కదల్లేదు. 29న కదిలింది. ముందురోజు పున్నమి. అది మన హోళీ పున్నమి! ఆ పోటుకు నీళ్లు పెరగడం లాగేవాళ్లకు బాగా కలిసొచ్చింది. ఇన్ని యంత్రాలు పెట్టుకుని చివరికి చంద్రుడి సాయం కూడా తీసుకోవాల్సి రావడం నాకెందుకో భలే సరదాగా అనిపిస్తుంది.

కాలువ దాటితే ఎర్రసముద్రం, దాని చివర బాబ్ ఎల్ మాండెబ్. పిల్లలకు నోరు తిరగని పేరిది. అరబ్బీలో ‘కన్నీటి ద్వారం’ అని అర్థం. ఒక పక్క యెమెన్, ఇంకో పక్క ఆఫ్రికాలో జిబూతి. మధ్యలో 30 కిలోమీటర్లలోపే నీళ్లు.

2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక, యెమెన్‌లో రాజధాని సనాతో సహా పెద్ద భాగాన్ని గుప్పిట్లో పెట్టుకున్న హౌతీ తిరుగుబాటుదారులు పాలస్తీనా పక్షాన అంటూ ఓడల మీద పడ్డారు. నవంబరు 19న హెలికాప్టర్లో దిగి ‘గెలాక్సీ లీడర్’ అనే ఓడను పట్టుకున్నారు. కార్లను మోసే ఆ ఓడ అప్పుడు తుర్కియే నుంచి మన దేశానికే వస్తోంది. అందులోని 25 మందిని వదిలిపెట్టింది 2025 జనవరిలో. ఆ పనివాళ్లు గాజాను ఎన్నడూ చూసి ఉండరు. పధ్నాలుగు నెలలు! వార్తల్లో ఓడ పేరే వస్తుంది, లోపలి మనుషుల పేర్లు రావు.

2024 జనవరి 26న, మనం ఇక్కడ జెండా వందనాలు చేసుకుంటున్న రోజే, ఏడెన్ సింధుశాఖలో పెట్రోలులా ఇట్టే అంటుకునే నాఫ్తాను మోస్తున్న ‘మార్లిన్ లువాండా’ అనే ఓడకు క్షిపణి తగిలి మంటలంటుకున్నాయి. అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. వాళ్ల పిలుపు అందుకుని వెళ్లి మంటలార్పడానికి సాయపడిన మన నౌకాదళం ఓడ పేరు ‘ఐఎన్‌ఎస్ విశాఖపట్నం’. ఈ బిట్టు చెప్పినప్పుడు మాత్రం క్లాసులో వెనక బెంచీలు కూడా తలెత్తుతాయి.

ఎంత నౌకాదళం తిరిగినా ఓడల యజమానులకు ధైర్యం చాలలేదు. ఆ దారిన పోతే యుద్ధభయం బీమా అదనంగా కట్టాలి. ఒక దశలో అది ఓడ విలువలో నూటికి రూపాయి దాకా పోయింది. అంతకంటే చుట్టూ తిరిగి పోవడమే నయమని చాలామంది ఆఫ్రికా కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రం మీదుగా మళ్లారు. వాస్కోడగామా 1498లో మన దేశానికి వచ్చిన దారి అది. నల్లసముద్రం నుంచి వచ్చే ఓడకైతే అది మరీ చోద్యం. తూర్పుకు రావాల్సింది ముందు పడమటికి పోయి, జిబ్రాల్టర్ దాటి, ఆఫ్రికా అంతా చుట్టాలి. నూనె ఓడలు కూడా కొన్ని అలాగే వచ్చాయి. రెండు వారాలో, ఇంకా ఎక్కువో అదనపు ప్రయాణం. ఈజిప్టుకు సూయజ్ మీద 2023లో వెయ్యి కోట్ల డాలర్లకు పైగా వచ్చిన రాబడి, 2024లో 400 కోట్లకు పడిపోయింది.

ఎలా వచ్చినా మన తూర్పు తీరానికి చేరే ఓడకు ఇంకో చుట్టు ఉంది. మ్యాపులో చూస్తే రామేశ్వరం పక్కనుంచి సూటిగా వచ్చేయొచ్చనిపిస్తుంది. కానీ అక్కడ సముద్రం లోతు లేదు, ఇసుక తిన్నెలు. పెద్ద ఓడ శ్రీలంక దక్షిణం నుంచి చుట్టి రావాల్సిందే. అలా కృష్ణపట్నానికో, కాకినాడకో చేరుతుంది. వచ్చేది ముడి నూనె. గొట్టాల గుండా ట్యాంకుల్లోకి ఎక్కించి, జిగురు తీసి, రంగు తీసి, వాసన తీసి, అప్పుడు ప్యాకెట్లో పోస్తారు. లీటరంటే కిలో అనుకునేరు, నూనె నీళ్లకంటే తేలిక, 910 గ్రాములే తూగుతుంది.

ఇంత దూరం నుంచి తెచ్చుకునే ఈ పొద్దుతిరుగుడు మన నేలకు కొత్తదేం కాదు. 1969 ప్రాంతంలో సోవియట్ రకాలతో మన దేశంలో సాగు మొదలైంది. రాయలసీమలో, తెలంగాణలో పచ్చని పువ్వుల చేలు నా చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూసేవాణ్ణి. ఇప్పుడు వెతుక్కోవాలి. గింజ పాలుపోసుకునే వేళకు రామచిలుకలు గుంపులుగా దిగుతాయి. చిన్న రైతు పొద్దస్తమానం డబ్బా కొడుతూ కాపలా కాయలేడు. ఆపైన బయటి నూనె చవగ్గా దిగితే ఇక ఎవరు వేస్తారు? ఆయిల్‌పామ్ మాత్రం పెరిగింది. దేశంలో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశే, పరిశోధన సంస్థ ఏలూరు పక్కన పెదవేగిలో ఉంది. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఒక పథకం కూడా పెట్టింది. కానీ మొక్క నాటాక గెల చూడటానికి నాలుగేళ్లు కావాలి.

ఇక మిగిలింది దిగుమతి సుంకం. 2024 సెప్టెంబరులో, సోయా రైతుకు మద్దతు ధర కూడా దక్కడం లేదని, ముడి నూనెల మీద సెస్సులతో కలిపి 5.5 శాతంగా ఉన్న సుంకాన్ని 27.5కు పెంచారు. పండుగల ముందు పెంచడంతో వంటిళ్లు గగ్గోలు పెట్టాయి. రైతు వైపు నుంచి చూస్తే అది చేయాల్సిన పనే అని నా అభిప్రాయం, మా ఇంట్లో ఒప్పుకోరనుకోండి. 2025 మే నెలాఖరున దాన్ని 16.5కు తగ్గించారు. రిఫైన్ చేసి తెచ్చే నూనె మీద మాత్రం 35.75 అలాగే ఉంచారు, ఇక్కడి రిఫైనరీలకు పని దొరకాలని.

ఆ వారమే నేను అదే కొట్టుకు వెళ్లాను. అదే పెద్దావిడ. ఈసారి పేపరు మడిచి చేత్తో పట్టుకునొచ్చింది. “పైన తగ్గించారట కదయ్యా, మరి నీ కొట్లో తగ్గదేం?”

కొట్టాయన తడుముకోకుండా చెప్పాడు. “ఇది పాత సరుకమ్మా!”

నమస్కారం.