మనింటి గోలీ, పిల్లి ప్రాణం

శ్రోతలకు నమస్కారం. పెంపుడు జంతువులకూ పశువులకూ వాడే నొప్పి మందులు, వాపు మందుల గురించి ఈ పూట మాట్లాడమన్నారు. విషయం పెద్దది, నాకున్న సమయం పది నిమిషాలు. అందుకని మందుల జాబితా చదవడం మానేసి, నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లి సంగతి చెబుతాను. ఇంట్లో జంతువును పెంచుకునేవారు ఈ మందుల గురించి తెలుసుకోవలసినది చాలావరకు ఆ ఒక్క పిల్లి దగ్గరే ఉంది.

బోనాల రోజులు. రాత్రి పది దాటింది, క్లినిక్ షట్టరు సగం దించాను. తార్నాక వైపు నుంచి ఒక పెద్దావిడ, ఇంటర్ చదువుతున్న ఆమె మనవడు ఆటోలో వచ్చారు. ఆమె చేతిలో కూరగాయల బుట్ట, బుట్టలో పాత తువ్వాలు, తువ్వాలులో మూడున్నర కిలోల పిల్లి. అది నోరు తెరిచి రొప్పుతున్నది. కుక్క రొప్పితే ఎండకో పరుగుకో అనుకోవచ్చు గాని, పిల్లి నోరు తెరిచి రొప్పిందంటే మేము చేతిలో పని వదిలేసి లేస్తాము. మొహం ఉబ్బింది, ముందు పాదాలు కూడా ఉబ్బాయి. పెదవి ఎత్తి చూస్తే, గులాబి రంగులో ఉండవలసిన చిగుళ్లు పాలు కలపని చాయ్ డికాక్షన్ రంగులో ఉన్నాయి.

"ఏమైనా మందు వేశారా అమ్మా?" అని అడిగాను. ఆమె మాట్లాడలేదు. మనవడే చెప్పాడు: "పొద్దుగాల గోడ మీదికెళ్లి దూకింది సార్. అప్పటిసంది కుంటుతుంటే, సాయంత్రం నానమ్మ జ్వరం గోలీ సగం ఇచ్చింది." అప్పుడు ఆమె అందుకుని, "సగమే కదా సార్, పెరుగుల కలిపి పోసిన. నా మోకాళ్లకు నేను నిండు గోలీ వేసుకుంట. నోరులేని జీవి, నొప్పితోని మూలుగుతుంటే చూడలేకపోయిన" అన్నది.

చెవి అంచు నుంచి ఒక్క చుక్క రక్తం తీసి తెల్లటి టిష్యూ కాగితం మీద వేశాను. మామూలు రక్తమైతే గాలి తగిలిన కాసేపటికి ఎర్రగా విచ్చుకుంటుంది. ఈ చుక్క నిమిషం గడిచినా గోధుమ రంగులోనే ఉండిపోయింది. ఆ కాగితాన్ని ఆ అబ్బాయి కూడా వంగి చూశాడు. ఏమిటిది అని అడగలేదు; అడగకుండానే అర్థమైనట్టుంది.

జ్వరం గోలీ అంటే పారాసెటమాల్. మనం దాన్ని మింగితే మన కాలేయం దానిలో ఎక్కువ భాగాన్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో జతకట్టి, హానిలేని పదార్థంగా మార్చి మూత్రంలోకి పంపించివేస్తుంది. ఆ జత కట్టే ఎంజైముకు సంబంధించిన జన్యువు పిల్లి జాతిలో పనిచేయదు. మనింటి పిల్లిలోనే కాదు, పులిలోనూ సింహంలోనూ పనిచేయదు. దారి మూసుకుపోయిన మందు పక్కదారి పట్టి, విషంగా మారి, ఎర్ర రక్తకణాల మీద పడుతుంది. హీమోగ్లోబిన్ స్వరూపం మారిపోయి, ప్రాణవాయువును మోయలేని మెథ్‌హీమోగ్లోబిన్ అవుతుంది. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, గాలి లోపలికి వెళుతూనే ఉంటుంది, అయినా ఆ గాలిని ఒంటికి చేరవేసే రక్తం ఉండదు. నోరు తెరిచి రొప్పడానికి కారణం అదే, చిగుళ్ల డికాక్షన్ రంగుకూ కారణం అదే.

ఇప్పుడు సగం గోలీ లెక్క చూద్దాం. 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం 250. పిల్లి బరువు మూడున్నర కిలోలు. అంటే కిలోకు 70 మిల్లీగ్రాములు దాటింది. పిల్లులలో కిలోకు 10 మిల్లీగ్రాములకే విషలక్షణాలు కనిపించిన సందర్భాలు ఉన్నాయి. మనకు సగమైనది పిల్లికి ఏడింతలైంది. నిజానికి ఆ మందు విషయంలో పిల్లికి సరైన కొలత అంటూ లేదు. సగమూ లేదు, పావూ లేదు.

ఆ రాత్రి ఆక్సిజన్ పెట్టి, మనవణ్ణి మెడికల్ షాపుకు పరుగెత్తించాను. దీనికి విరుగుడు అసిటైల్‌సిస్టీన్. మనుషులకు తెమడ కరగడానికి ఇచ్చే మందు అదే. మనుషుల మందు వల్ల వచ్చిన ఆపద మనుషుల మందుతోనే తీరడం నాకు ఇప్పటికీ కొంచెం విచిత్రంగానే ఉంటుంది. తెల్లవారేసరికి రొప్పడం తగ్గింది. మూడో రోజున బుట్టలోంచి తానే దిగి, ఎవరినీ అడగకుండా బల్ల కిందికి వెళ్లి కూర్చున్నది. అప్పుడు తీరిగ్గా ఆ కుంటుతున్న కాలు చూశాను. ఎముక విరగలేదు, కీలు తొలగలేదు. ఒక గోరు మొదలు దాకా చీలి ఉన్నది. ఆ ముక్క కత్తిరించి శుభ్రం చేయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమెను నేను కోప్పడలేదు. నొప్పి చూసి ఊరుకోలేకపోవడం తప్పు కాదు. పైగా నొప్పిని మౌనంగా భరించే జంతువులలో పిల్లి మొదటిది. 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లి మొహంలో నొప్పిని చదవడానికి అయిదు గుర్తులు చెప్పారు: చెవులు పక్కలకు వాలడం, కళ్లు సగం మూయడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా సాగడం, తల భుజాల కన్నా కిందికి దించడం. ఆ అయిదింటిని ఆ పెద్దావిడ పుస్తకం లేకుండానే గుర్తుపట్టింది. గుర్తుపట్టిన తర్వాత ఆమె చేయి అలవాటుగా తన మందుల డబ్బా మీదికి పోయింది.

కుక్కల విషయంలో ఈ పొరపాటు ఇంకో రకంగా జరుగుతుంది. అక్కడ మనం ఒళ్లు నొప్పులకు వాడే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వస్తాయి. దెబ్బ తగిలినచోట వాపునూ నొప్పినీ కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఈ మందులు ఆపుతాయి. ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు, ఆయనకు 1982లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. చిక్కు ఏమిటంటే, ఆ ప్రోస్టాగ్లాండిన్లే కడుపు లోపలి పొరను కాపాడతాయి, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేట్టు చూస్తాయి. అందుకే మన మాత్ర మింగిన కుక్క వాంతి చేసుకుంటుంది, తారులాగా నల్లటి మలం వేస్తుంది. మన మే నెల ఎండలో నీళ్లు చాలక నీరసించిన కుక్కకైతే మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. పశువైద్యులు ఇదే రకానికి చెందిన మెలాక్సికామ్ రాసినా, కార్ప్రోఫెన్ రాసినా, బరువు చూసి, వయసు చూసి, అవసరమైతే రక్తపరీక్ష చేయించి రాస్తారు. స్టెరాయిడ్ వాడుతున్న జంతువుకు ఈ మందులను దాంతో కలిపి ఇవ్వరు, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం పెరుగుతుంది.

ఒక ఒంటికి మందు, ఇంకో ఒంటికి విషం. ఈ మాటకు మన దేశంలో అన్నిటికన్నా పెద్ద రుజువు రాబందు. కుంటుతున్న ఎద్దుకూ పొదుగు వాపు వచ్చిన ఆవుకూ ఇచ్చిన డైక్లోఫెనాక్ ఆ పశువులకు మేలే చేసింది. ఆ పశువు చనిపోయిన తర్వాత దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం సున్నంలాగా పేరుకుపోయింది. 1992కూ 2007కూ మధ్య దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. కారణం 2004లో తేలింది, 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. అయినా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు వెళుతూనే ఉండడంతో, 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకే పరిమితం చేయవలసి వచ్చింది. రాబందులకు అలాంటి హానే చేసే అసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ల పశువైద్య వాడకంపై నిషేధం 2023లో వచ్చింది. మెలాక్సికామ్ మాత్రం రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలింది. మన తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద, పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్న సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అటువైపు పశువులున్న రైతులు సూది వేయించే ముందు మందు పేరు అడిగితే బాగుంటుందని నా అభిప్రాయం.

సమయం దగ్గర పడుతున్నది కాబట్టి పనికివచ్చే ఒక్క సంగతి దగ్గరికి వస్తాను. మనింటి గోలీ వేయకండి. సగమైనా వేయకండి, పావైనా వేయకండి. ఒకవేళ పొరపాటున వేసి ఉంటే, లేదా కింద పడిన గోలీని కుక్క తినేసి ఉంటే, లక్షణాలు కనిపించేదాకా ఆగకండి, అవి కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. వాంతి కావాలని ఉప్పునీళ్లు పోయకండి. ఆ గోలీల రేకు చేతిలో పట్టుకుని డాక్టరు దగ్గరికి రండి. ఖాళీ రేకైనా సరే, నలిగిన రేకైనా సరే, తీసుకుని రండి. "తెల్ల గోలీ" అంటే మాకు ఏమీ తెలియదు, రేకు మీద ఉన్న పేరు చెబితే విరుగుడు ఏమిటో తెలుస్తుంది. గ్రామాల్లో పశువులున్నవారు సంచార పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోన్ చేసినా ఆ పేరే చెప్పండి.

ఫోనులో మేము అడిగే ప్రశ్నలు మూడే: ఏ మందు, ఎంత, ఎప్పుడు. నాలుగోది బరువు. చాలామంది అక్కడ ఆగిపోతారు. పిల్లిని ఎత్తుకుని మీరు ఇంట్లోని తూకం మీద నిలబడి అంకె చూడండి, తర్వాత పిల్లిని దించి మీరొక్కరే నిలబడి మళ్లీ చూడండి. ఆ రెండింటి తేడాయే మీ పిల్లి బరువు. ఈ రోజే చూసి, గోడ మీది క్యాలెండరులో ఒక మూల రాసి పెట్టుకోండి. నమస్కారం.