బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది?

వేదిక మీద పెద్దలకు, ఎండకు కళ్లు చికిలించుకుని కూర్చున్న పిల్లలకు, వెనక నిలబడ్డ తల్లిదండ్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవడం మర్యాదే గానీ నాకిచ్చిందే పావుగంట, అందులో సగం దానికే పోతుంది. పైగా నాకు ముందు మాట్లాడినవాళ్లు ఆ పని తనివితీరా చేసేశారు. గ్రంథాలయ వారోత్సవాలు కాబట్టి మన గ్రంథాలయోద్యమ పెద్దలు అయ్యంకి వెంకటరమణయ్య గారిని, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ఒక్కసారి తలుచుకుంటాను. పాతూరి నాగభూషణం గారిని కూడా. ఈయన 1935లో కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు వేయించి, ఊరూరా రేవులో ఆపించి జనానికి ఇప్పించారు. చదివేవాళ్ల దగ్గరికి పుస్తకం పడవెక్కి వెళ్లిందన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

సాహిత్యం, చరిత్ర చదివే పిల్లలకు బడి లైబ్రరీలో ఉండాల్సిన పరిశోధన వనరుల గురించి చెప్పమన్నారు. కాగితాల మీద రాసుకునే వచ్చాను, ఇవిగో. కానీ వనరుల కంటే ముందు తాళం సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మిగతా ఎంత చెప్పినా దండగ.

నేను సోషల్ టీచర్‌గా పనిచేసిన బడుల్లో ఒకదాంట్లో, ఏ బడో అడగకండి, లైబ్రరీ అంటే హెడ్మాస్టారి గదిలో గోడకి ఆనించిన రెండు ఇనప బీరువాలు. నేను చేరేనాటికి వాటి ముందు విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి. లైబ్రరీ ఛార్జి ఎవరూ తీసుకోరు. ఎందుకంటే అంతకు ముందు ఛార్జి చూసిన మాస్టారు రిటైరయ్యేటప్పుడు స్టాక్ రిజిస్టరులో ఉన్న పుస్తకాలు కొన్ని లెక్క తేలలేదని, బాకీలేమీ లేవని ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ ఆపేశారట, ఆయన పెన్షన్ కాగితాల కోసం తిరిగి తిరిగి చివరికి జేబులోంచి కట్టుకున్నారట. ఆ కథ స్టాఫ్ రూంలో దెయ్యం కథలా తిరుగుతూ ఉండేది. కొత్తగా వచ్చినదాన్ని కదా, నాకు అంటగట్టారు.

తెరిచి చూస్తే పై అరలో పురికొస కట్టిన కట్టలు కట్టినట్టే ఉన్నాయి. ఒక పుస్తకం తీసి చివరి పేజీలో అంటించిన తేదీల చీటీ చూశాను. రెండే ముద్రలు. రెండోది ఇన్‌స్పెక్షన్ నెలలోది, అంటే అది కూడా పిల్లలకిచ్చింది కాకపోవచ్చు. లోపల మాత్రం స్కూలు రబ్బరు స్టాంపు ఎన్నిచోట్ల కొట్టారో! పుస్తకం ఎక్కడికీ పారిపోకుండా సంకెళ్లు వేసినట్టు, టైటిల్ పేజీ మీద, మధ్యలో బొమ్మల మీద, ఒక మహానుభావుడి మొహం మీద కూడా.

తాళం వేసిన మాస్టార్లను నేను తప్పుపట్టను. భయం వాళ్లది. కానీ ఆ భయానికి మందు రూల్సులోనే ఉంది, ఎవరూ చదవరు. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లోవి, 215వ రూలు తీయండి. ఏడాదిలో వెయ్యి పుస్తకాలు చదవడానికి ఇస్తే అందులో ఐదు పోవడం సహజమే అని రాసి ఉంది. మోసమో నిర్లక్ష్యమో ఉండకూడదు, వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో అరుదైనదో పోతే మాత్రం విచారణ జరగాలి, అంతే. అది కేంద్రం రూలు, మన బడికి వర్తించదు అంటారు, సరే. ఢిల్లీలో లెక్కలు చూసే పెద్దమనుషులే పుస్తకం చేతులు మారితే కొన్ని పోతాయని ఒప్పుకున్నప్పుడు మనం ఒప్పుకోవడానికేం? ఇంకో సంగతి గమనించారా? ఆ లెక్క వెయ్యి పుస్తకాలు ఇస్తేనే. ఒక్కటి కూడా ఇవ్వని బడికి ఆ రూలుతో పనే లేదు.

డబ్బు లేదనే మాట కూడా చెప్పకండి. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు పెట్టారు. ఆ డబ్బుతో వచ్చిన పుస్తకాలే ఆ కట్టల్లో ఉండేది.

సరే, ఇప్పుడు పిల్లల సంగతి. ఆ బడిలోనే తొమ్మిదో తరగతికి అల్లూరి సీతారామరాజు మీద ప్రాజెక్ట్ ఇచ్చాను. వారం తర్వాత నా బల్ల మీద గుట్ట పడింది. స్పైరల్ బైండింగ్, మెరిసే ప్లాస్టిక్ అట్ట. మొదటిది తీస్తే అట్ట మీద అల్లూరి వారు విల్లు పట్టుకుని నిలబడ్డారు, కానీ మొహం సూపర్‌స్టార్ కృష్ణ గారిది! 1974 నాటి సినిమాలోది. రెండోది తీశాను, అదీ కృష్ణ గారే. మూడోది, నాలుగోది... నవ్వకండి, మీలో ఎంతమంది నెట్ సెంటర్ అన్నకి డబ్బులిచ్చి ప్రాజెక్ట్ తెచ్చుకుంటున్నారో నాకు తెలుసు. లోపల వాక్యాలు కూడా ఒకటే, పేరు రాసుకునే గీత దగ్గరే తేడా. ఒక పిల్లని పిలిచి, అమ్మా, ఇది నీకెక్కడ దొరికింది అనడిగాను. "నెట్‌లో మేడమ్" అంది. నెట్‌లో ఎవరు రాశారు? "నెట్టే మేడమ్."

ఆ పిల్లని ఏమనాలి? అల్లూరి మీద చదవదగ్గ పుస్తకం అదే బడిలో, ఆ బీరువాలోనే, కట్ట విప్పకుండా ఉంది. ఆ పిల్లకి తెలీదు, చెప్పాల్సిన మాకు గుర్తు లేదు.

అందుకే పరిశోధన అనే మాట వినగానే టెన్షన్ పడకండి. మూడు ప్రశ్నలే. ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? వాళ్లకెలా తెలిసింది? ఈ మూడూ అడగడం వస్తే మీరు పరిశోధకులే. పీహెచ్‌డీ వాళ్లు కూడా చేసేదిదే, కాకపోతే వాళ్లకి స్కాలర్‌షిప్ ఉంటుంది.

ఉదాహరణ చెప్తాను. మన విశాఖ జిల్లా మీద 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనే తెల్లదొర రాసిన విజగపటం జిల్లా గెజిటీర్, అంటే జిల్లా వివరాలన్నీ చేర్చి సర్కారు వేసిన పుస్తకం, ఉంది, అంతకు ముందు 1869లో కార్‌మైకేల్ రాసిన మాన్యువల్ ఉంది. రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఆ ప్రాజెక్ట్ నేను మళ్లీ చేయించినప్పుడు ఒక అబ్బాయి గెజిటీరంతా తిరగేసి "అల్లూరి పేరే లేదు మేడమ్, తెల్లోళ్లు కావాలనే రాయలేదు" అన్నాడు. మరి 1907 పుస్తకంలో 1922 ఆగస్టు 22న జరిగిన చింతపల్లి పోలీస్ స్టేషన్ దాడి ఎలా ఉంటుంది నాయనా? కానీ వాడు ఊరికే తిరగెయ్యలేదు. ఏజెన్సీలో అల్లూరి కంటే ముందు జరిగిన గొలుగొండ పితూరీల, అంటే తిరుగుబాట్ల, సంగతి అందులో ఉంది, అది వాడికి దొరికింది. ఒక్కడు లేచి కొండంతా కదిపాడు అని సినిమాలో చూసినవాడికి, ఆ కొండ అంతకు ముందే చాలాసార్లు కదిలిందని తెలిసింది. రాసినవాడు సర్కారు ఉద్యోగి కాబట్టి ఎవరి వైపు నుంచి చూస్తున్నాడో కూడా వాడే పట్టుకున్నాడు. ఆ మార్కులు నేను సంతోషంగా వేశాను.

పుస్తకంలోనే వెతకాలని లేదు. ఇక్కడ సింహాచలం వెళ్లనివాళ్లు ఎవరైనా ఉన్నారా? లేరు. చందనోత్సవానికి క్యూలో నిలబడి ఫోన్ చూసుకుంటారు గానీ పక్కన స్తంభం మీద అక్షరాలు చూశారా? 1098-99 నాటి కుళోత్తుంగ చోళుడి శాసనం అక్కడుంది, 1516లో కృష్ణదేవరాయలు వచ్చి నగలు సమర్పించిన సంగతి చెప్పే శాసనమూ అక్కడే ఉంది. ఆ శాసనాల పాఠాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ ఆరో సంపుటంలో అచ్చయ్యాయి. తొట్లకొండ బౌద్ధ ఆరామం 1976లో నేవీ వాళ్లు చేసిన ఏరియల్ సర్వేలో బయటపడింది, మనమేమో పిక్నిక్‌కి వెళ్లి చిప్స్ కవర్లు పడేసి వస్తున్నాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు మన ఊరి మీద బాంబులేశారు, అదే రోజు కాకినాడ మీద కూడా. ఆనాటి బాంబు ముక్క బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, వెళ్లి చూడండి. జనం ఇళ్లకు తాళాలేసి పల్లెలకు పోయారు. మీ ఇంట్లో తాతమ్మ ఎవరైనా వాళ్ల అమ్మ చెప్పగా విన్న ముక్క ఉంటే రాసుకోండి. ఎవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు, ఏ రోజు రాసుకున్నారు, ఈ మూడూ పక్కనే వెయ్యండి. ఆనాటి పత్రికల్లో చూస్తే అంత కనపడకపోవచ్చు, యుద్ధకాలంలో పత్రికల మీద సెన్సారు ఉండేది. పత్రిక చెప్పనిది తాతమ్మ చెప్తుంది, తాతమ్మ కలిపేసుకున్న తేదీ పత్రిక సరిచేస్తుంది. అందుకే రెండూ కావాలి.

తెలుగు మాస్టారు నా వంక కోపంగా చూస్తున్నారు, సాహిత్యం ఊసే లేదని. వస్తున్నానండీ.

గురజాడ వారి కన్యాశుల్కం పాఠంగా చదివే ఉంటారు. అది రెండుసార్లు రాసిన నాటకం. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయన దాన్ని పెంచి, మార్చి, దాదాపు కొత్తగా రాసి మళ్లీ అచ్చు వేశారు. మనం చదివేది రెండోది. మొదటి కూర్పు కూడా మళ్లీ అచ్చులో వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్క రంగం, ఒక్కటే రంగం, పోల్చి చూడండి. ఎవరి మాటలు పెరిగాయి, ఎవరు కొత్తగా వచ్చారు? దీనికి గైడు అక్కర్లేదు, పెన్సిలుంటే చాలు. బడి లైబ్రరీలో ఒకే పుస్తకం కాపీలు యాభై పెట్టే బదులు దాని రెండు కూర్పులు పెట్టండి అని నేను కొనుగోలు కమిటీల్లో మొత్తుకునేదాన్ని, "ఒకటే పుస్తకం కదా మేడమ్, డూప్లికేట్ ఎందుకు" అని కొట్టేసేవారు.

శ్రీశ్రీ పుట్టిన ఊరు ఇది. రావిశాస్త్రి గారు కోర్టులో వాదించి, ఇంటికొచ్చి కథలు రాసిన ఊరు ఇది. ఆయన కథల్లో మాట్లాడేవాళ్లు మీ వీధిలో వాళ్లే. మనసు ఫౌండేషన్ వాళ్లు ఆయన రచనలన్నీ ఒకచోట చేర్చి వేశారు, గురజాడవీ వేశారు. అలాంటివి ఒక అర నిండా ఉంటే ఇంకేం కావాలి. పాత మాట అర్థం కాకపోతే గూగుల్ ట్రాన్స్‌లేట్ కొట్టకండమ్మా, అది మీకంటే అమాయకురాలు. ఆంధ్రభారతి సైటులో మాట వేస్తే బ్రౌణ్యం, శబ్దరత్నాకరం లాంటి నిఘంటువులన్నీ ఒకేసారి వెతికి పెడుతుంది. పాత పత్రికలకి ప్రెస్ అకాడమీ ఆర్కైవ్ ఉంది, ప్రభుత్వ రికార్డులకి నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ అనే సైటు ఉంది. మన ప్రాంతం 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి మన పాత కాగితాలు చాలావరకు చెన్నై ఆర్కైవ్స్‌లో ఉంటాయి, అది పెద్దయ్యాక చూద్దురుగాని. ఇప్పటికి ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ చాలు. ఇంకాస్త పైకెళ్తే ఆంధ్రా యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా లైబ్రరీ, తాళపత్రాలు కూడా ఉన్న చోటు. బడి నుంచి ఉత్తరం రాయించుకుని ఒకసారి చూడ్డానికి వెళ్లండి.

తల్లిదండ్రులకో మాట. ఇంటికెళ్లి ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు ఊరి గ్రంథాలయాల కోసం మీరు కడుతున్నారు. కట్టే డబ్బుకి పిల్లాణ్ణి తీసుకెళ్లి ఒక్క మెంబర్‌షిప్ అయినా చేయించండి. బీచ్‌కి వెళ్లినంత సేపు పట్టదు.

గంట కొట్టేస్తున్నారు, తెలుసు. ఇంకో నిమిషం. హెడ్మాస్టారు గారూ, మీ బడిలో లైబ్రరీ గది వేరే ఉంది, గాలీ వెలుతురూ ఉన్నాయి, ఇందాక చూశాను, చాలా సంతోషం. అడిగేవి మూడే. టైంటేబుల్లో ఉన్న లైబ్రరీ పీరియడ్‌ని పరీక్షల ముందు లెక్కల వాళ్లకి ధారపోయకండి. తాళం చెవి ఇద్దరు పిల్లలకిచ్చి, వారం వారం మార్చండి, ఇచ్చిన పుస్తకం తిరిగొచ్చిన పుస్తకం వాళ్లనే రాయనివ్వండి, నేను చేసి చూశాను, మనకంటే వాళ్లే గట్టిగా వసూలు చేస్తారు. పోయిన పుస్తకాల గురించి ఏడాది చివర స్టాఫ్ మీటింగులో తీర్మానం రాసి, అందరూ సంతకం పెట్టి, రిజిస్టరులో కొట్టేయడానికి పై ఆఫీసుకి పంపండి. ఒక్కరి పెన్షన్ మీద పడనివ్వకండి. నాగభూషణం గారు నీళ్ల మీద పంపిన పుస్తకాల్ని మనం నేల మీద కదపలేమా?

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర స్తంభం పక్కన బాబూ, ఇందాకట్నుంచి చెయ్యెత్తి దించుతున్నావు. లే, గట్టిగా అడుగు.