ఓజ్ నుంచి డొరతీ ఎందుకు వాపస్ వస్తది?

యాంకర్: అందరికి నమస్తే, నల్లగొండ స్టూడియో నుంచి ఇయ్యాల మన చర్చ పిల్లల కథ మీద. 1900ల ఎల్. ఫ్రాంక్ బౌమ్ రాసిన ‘ద వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్’. 2024ల, 2025ల ‘వికెడ్’ సినిమా రెండు పార్టులు వచ్చినంక మల్ల అందరి నోట్ల ఇదే ముచ్చట, అది ఇదే కథను మంత్రగత్తె దిక్కు నుంచి చెప్తది. కథ ఏందంటే, అమెరికాల కాన్సాస్ అనే రాష్ట్రంల ఎమ్ ఆంటీ, హెన్రీ అంకుల్ దగ్గర పెరిగే డొరతీ అనే పిల్లను సుడిగాలి ఇంటితోని సహా ఓజ్ అనే మాయ దేశంల పడేస్తది, ఆమె వాపస్ ఇంటికి రావాలని చూస్తది. మనతోని దేవరకొండ దిక్కు సర్కారు బడి టీచరమ్మ, ఇక్కడి డిగ్రీ కాలేజీల ఇంగ్లీష్ చెప్పే సారు, మహబూబ్‌నగర్‌ల పిల్లలతోని నాటకాలు ఏయించే అన్న ఉన్నరు. మేడం, మీరు ఈ కథ క్లాస్‌ల చదివి వినిపించిండ్రు గదా, పిల్లలు ఏమన్నరు?

టీచర్: మాయలు మంత్రాలు వచ్చినప్పుడు నవ్విండ్రు గానీ అండి, వాళ్లను పట్టుకున్నది మాత్రం సుడిగాలి రాకముందున్న పేజీలే. కాన్సాస్‌ల ఎటు చూసినా చెట్టు లేదు, ఎండకు భూమి మాడి బూడిద రంగైంది, ఇంటికేసిన రంగు పోయింది, ఎమ్ ఆంటీ కండ్లల మెరుపు పోయింది, హెన్రీ అంకుల్ అయితే నవ్వడే నవ్వడు. మా బడిల సగం మంది అమ్మానాయిన పూణెకో బొంబాయికో పనికి పోతే తాతల దగ్గర పెరిగేటోల్లు, వాళ్లకు ఇది పరాయి దేశం అనిపియ్యలే. ఒక పిల్ల లేసి అడిగింది, టీచర్, ఆమె అంత మంచి జాగకు పోయింది గదా, మల్ల గా ఎండిన ఊరికి ఎందుకొస్తా అంటది?

లెక్చరర్: గదే మాట పుస్తకంల డొరతీకి దోస్తైన దిష్టిబొమ్మ అడుగుతడు! డొరతీ ఏమంటది, నీకు మెదడు లేదు గనుక నీకు సమజ్ కాదు, ఇల్లు ఎట్లున్నా ఇల్లే అంటది. దానికి ఆయన, మీ తలకాయలల్ల కూడ నా లెక్క గడ్డే ఉంటే అందరు అందమైన జాగలల్లనే ఉందురు, కాన్సాస్‌ల ఒక్కడు మిగలకపోవు, మీకు మెదడుండుడు కాన్సాస్ అదృష్టం అంటడు. ఎంత చురుకు పెట్టిండో చూడుండ్రి. ఈ పుస్తకం మీద తీసిన 1939 సినిమాల ఆ చురుకు పోయింది, ఇంటి మాటొక్కటే మిగిలింది, డొరతీ మడమలు కొట్టుకుంట మంత్రం లెక్క చదువుతది.

డైరెక్టర్: సినిమాను మరీ గట్ల తీసిపారెయ్యకుండ్రి సార్. కాన్సాస్‌ అంతా సెపియా, అంటే మట్టి రంగు, ఓజ్‌ల తలుపు తెరిస్తే రంగులు, బౌమ్ పేజీల కొద్ది రాసింది వాళ్లు ఒక్క షాట్‌ల చూపిచ్చిండ్రు. పుస్తకంల వెండి చెప్పులుంటయ్, టెక్నికలర్ అనే రంగుల సినిమా పద్ధతి‌ల బాగా కనవడాలెనని ఎర్ర చెప్పులు చేసిండ్రు, నేనైనా గదే చేస్తుంటి. కాని ఆఖరికి అదంతా కల అన్నరు చూడుండ్రి, అది నాకు అస్సలు నచ్చలే. పైగా ఊర్ల ఉండే మిస్ గల్చ్ అనే ఆమె డొరతీ కుక్కను తీస్కపోతనని కాయితం పట్టుకొచ్చింది గదా, ఆ లొల్లి ఏమైందో సినిమా మల్ల ఎత్తనే ఎత్తదు.

యాంకర్: మరి మంత్రగత్తె? ఇప్పుడందరు ఆమె దిక్కే ఉన్నరు.

టీచర్: పచ్చ మొఖం ఆ 1939 సినిమాతోని వచ్చింది, బౌమ్ రాసిన ఆమెకు ఒకటే కన్ను. 1995ల గ్రెగరీ మాగ్వైర్ ‘వికెడ్’ నవల రాసి, బౌమ్ పేరుల మొదటి అక్షరాల నుంచే ఆమెకు ఎల్ఫాబా అని పేరు పెట్టిండు, 2003ల అది నాటకమై న్యూయార్క్ థియేటర్లుండే బ్రాడ్‌వే మీద ఆడింది. నా మాటైతే, ఆమె మంచిదా చెడ్డదా అనే అనుమానానికి విత్తనం పాత పుస్తకంలనే ఉన్నది. ఓజ్ దేశాన్ని ఏలే మాయగాడు విజర్డ్ ఒక చిన్నపిల్లను పిలిచి, పోయి మంత్రగత్తెను సంపిరా, అప్పుడే ఇంటికి పంపుత అంటడు. గట్లాంటోడు మంచోడెట్లైతడు?

డైరెక్టర్: ఒమాహా నుంచి బెలూన్‌ల కొట్టుకొచ్చినోడు వాడు! ఊరంత పచ్చగ కనవడాలెనని అందరికి పచ్చ అద్దాలు పెట్టి తాళం ఏసిండు. స్టేజీ మీద ఈ సీన్ ఏస్తే మనోల్లు ఒక్కోసారి ఒక్కో లీడర్ పేరు అరుస్తరు.

లెక్చరర్: 1964ల హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే హైస్కూల్ టీచర్ ఇదంతా అమెరికా రాజకీయమే అని వ్యాసం రాసిండు. డొరతీ నడిచే పసుపు రోడ్డు బంగారం, వెండి చెప్పులు వెండి నాణేలు, దిష్టిబొమ్మ రైతు అని. చదవనీకి మస్తుంటది, కాని బౌమ్ ముందుమాటల పిల్లల సంతోషానికే రాసిన అన్నడు, నేనైతే ఆడికే ఆగుత. నాకు అప్పు ముచ్చటే ఎక్కువ ముఖ్యం.

యాంకర్: అప్పు ఏంది సార్?

లెక్చరర్: ఎవ్వరు పట్టించుకోరు. పుస్తకం ఆఖర్ల డొరతీ వాపస్ వస్తే ఎదురుంగ కొత్త ఇల్లుంటది. సుడిగాలి పాతింటిని నిజంగనే లేపుకపోయింది, హెన్రీ అంకుల్ ఇంకోటి కట్టిండు. పైసలు ఎక్కడియి? 1910ల వచ్చిన ఆరో పుస్తకం ‘ద ఎమరాల్డ్ సిటీ ఆఫ్ ఓజ్’ల తెలుస్తది, భూమి కుదువబెట్టి కట్టిండు, పంటలు పండక కట్టలేకపోయిండు, భూమి పోయే కాలమొచ్చింది. అప్పుడు డొరతీ ఇద్దరిని ఓజ్ రాణితోని చెప్పి ఆడికి పిలిపిచ్చుకుంటది, తను కూడ ఓజ్‌కే పోతది, ఇగ వాపస్ రాదు. సినిమా కల అన్నదంటే ఇల్లు పోలేదన్నట్టే, అప్పు లేనట్టే, మొత్తం కథే మారిపోయింది. బౌమ్‌ది కూడ డకోటాల కరువు కాలంల దుకాణం మునిగింది, పేపర్ మునిగింది, గా బూడిద రంగు ఊకె రాలే.

టీచర్: అంటే మా పిల్ల అడిగిన దానికి బౌమ్ పదేండ్లకు జవాబు చెప్పిండన్నట్టు. ఊరు మీద ప్రేమ లేక కాదు పోయింది, బతకలేక పోయిండ్రు. పాలమూరుల ఈ కథ ఎవ్వరికి ఇడమరిసి చెప్పాల్సిన పని లేదు.

డైరెక్టర్: ఈసారి నాటకంల ఇది పెట్టాలె సార్. ఓజ్‌కు పోయినంక ఆ ముసలోల్లు సుఖంగ ఉంటరా?

లెక్చరర్: ఏడుంటరు! పట్టుబట్టలు కట్టిచ్చినా చేతులు ఊకుండయ్, మాకేదన్న పని చెప్పుండ్రి అంటరు.

డైరెక్టర్: అయితే దానికి యాక్టర్లు అక్కర్లే, మేడం బడి పిల్లల తాతలను తెచ్చి నిలబెడ్త.