అన్నం పెట్టే చేతికే బోను ఇవ్వండి

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పనులు పక్కనపెట్టి వచ్చిన అపార్ట్‌మెంట్ సంఘం సభ్యులకు, వెనక వరుసలో కూర్చున్న వాచ్‌మన్ కుటుంబాలకు కృతజ్ఞతలు. ఏ పిల్లి ఎక్కడ పడుకుంటుందో, ఏది ఎప్పుడు ఈనిందో మీ వాచ్‌మన్‌కు తెలిసినంతగా నాలాంటి పశువైద్యులకు కూడా తెలియదు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల నుంచి మాకు వచ్చే ఫోన్లు ఎక్కువగా రెండు రకాలు. "సెల్లార్‌లో పిల్లి ఈనింది డాక్టర్‌గారూ, ఏం చేయమంటారు?" అని ఒకరు. "ఫలానా ఫ్లాట్ ఆవిడ రోజూ అన్నం పెడుతోంది, అందుకే పిల్లులు పెరిగిపోతున్నాయి, కాస్త మాన్పించండి" అని ఇంకొకరు. నేను ఇద్దరికీ చెప్పేది ఒకటే. పిల్లుల సంఖ్య తగ్గాలంటే వాటిని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. అందుకు ముందు కావలసింది ఆ అన్నం పెట్టే మనిషే. ఆమెతో తగువు పెట్టుకుంటే మనకున్న ఒకే ఒక్క దారి మూసుకున్నట్టే.

ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. మన కంటికి అది ఇంకా పిల్లగానే కనిపిస్తుంటుంది. కడుపుతో ఉండేది తొమ్మిది వారాలు. ఈతకు మూడు నుంచి ఐదు పిల్లలు మామూలు. వాటికి పాలిస్తూ ఉండగానే మళ్ళీ కడుపు రావచ్చు. చలి దేశాల్లో పగలు కురచబడే కాలంలో ఈతలకు విరామం దొరుకుతుంది. మన దగ్గర ఆ విరామం దాదాపు లేదు.

ఇన్ని పుడితే వీధులు పిల్లులతో నిండిపోవాలి కదా అని మీరు అడగవచ్చు. నిండకపోవడానికి కారణం, వీధిలో పుట్టిన కూనల్లో సగానికి పైగా ఆరు నెలలు నిండకుండానే చనిపోవడం. కొన్ని కారు చక్రాల కింద, కొన్ని కుక్కల నోట, మరికొన్ని పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్‌తో వాంతులు, విరేచనాలు పట్టుకుని పోతాయి. ఆ వైరస్ నేలమీద, పాత గోనెపట్టాల్లో ఏడాది దాకా బతకగలదు. ఒక ఈత చనిపోయిన మూలలోనే మరో ఈత పెట్టిన తల్లికి అదే కడుపుకోత. ఆపరేషన్ ప్రకృతి విరుద్ధం కదా అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. ఆ కూనల చావు చూసినవాడిగా చెబుతున్నాను, ఈ పిల్లులకు మనం చేయగలిగిన పెద్ద ఉపకారం ఆపరేషనే.

పట్టుకెళ్ళి దూరంగా వదిలేస్తే పోతుందనుకునేవారూ ఉన్నారు. సంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గరో, ఊరి బయటో వదిలేస్తారు. పిల్లి తన హద్దుల్ని నమ్ముకుని బతికే జంతువు. తెలియని చోట దానికి తిండి దొరకదు, అక్కడి గండుపిల్లులు నిలవనివ్వవు. ఇక్కడ ఖాళీ అయిన చోటికి పక్క కాలనీ పిల్లులు వస్తాయి, ఎందుకంటే చెత్తబుట్ట, ఎలుకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. విషం పెట్టడం, కొట్టి చంపడం నేరాలు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఒకటుంది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు పడవచ్చు.

ఇది మనమొక్కరమే ఎదుర్కొంటున్న చిక్కు కాదు. ఇటలీ 1991లో 281వ నంబరు చట్టం చేసి వీధి పిల్లుల్ని చంపడం ఆపింది. పట్టి, ఆపరేషన్ చేయించి, ఉన్నచోటే తిరిగి వదలాలన్నది ఆ చట్టం. రోమ్‌లో జూలియస్ సీజర్ హత్యకు గురైన లార్గో అర్జెంటీనా శిథిలాల మధ్య పిల్లులు ఇవాళ్టికీ అలాగే బతుకుతున్నాయి. వాటికి అన్నం పెట్టేవాళ్ళే ఆపరేషన్ల పనీ చూస్తారు. జపాన్‌లో ఆపరేషన్ అయిన పిల్లి చెవి కొసను చెర్రీ పూరేకులా కత్తిరిస్తారు. మన దేశంలో ముంబయి నగరపాలక సంస్థ 2019లో పిల్లుల ఆపరేషన్లు మొదలుపెట్టింది. మన ఊళ్ళలో మున్సిపాలిటీల దృష్టి ఇంకా కుక్కల మీదే ఉంది. కాబట్టి ప్రస్తుతానికి ఈ భారం కాలనీలదే.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. రోజూ ఒకే వేళకు, ఒకే మూలలో తిండి పెట్టాలి. అరగంట తర్వాత మిగిలింది ఎత్తేసి కడిగేయాలి. వారం తిరిగేసరికి మీ పిల్లులన్నీ ఆ వేళకు అక్కడికే చేరతాయి. అప్పుడు ఎన్ని ఉన్నాయో, ఏది ఆడదో, ఏది కడుపుతో ఉందో తెలుస్తుంది. తర్వాత తలుపు పడకుండా తాడుతో కట్టి, తెరిచి ఉంచిన బోనులోనే రెండు మూడు రోజులు తిండి పెట్టండి. పట్టే రోజుకు ముందు రాత్రి పస్తు ఉంచి, మర్నాడు ఆ తాడు విప్పి, వాసన ఘాటుగా వచ్చే ఎండుచేప బోను చివర పెట్టండి. తలుపు పడగానే పాత దుప్పటి కప్పేయండి, చీకటి పడితే పిల్లి శాంతిస్తుంది. చేత్తో మాత్రం పట్టొద్దు. కరిచినా, రక్కినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, రేబిస్ టీకా కోసం ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

పట్టిన ఆడపిల్లి పొదుగు చూడండి. పాలు ఉంటే కూనలు ఎక్కడో ఎదురుచూస్తున్నాయన్నమాట. అవి సొంతంగా తినడం నేర్చేదాకా, అంటే ఆరేడు వారాలు, తల్లిని వదిలేయడం మేలు. ఆ తర్వాత ఆలస్యం చేస్తే మళ్ళీ కడుపు వస్తుంది. మత్తులో ఉండగానే రేబిస్ టీకా వేసి, ఎడమ చెవి కొస కొంచెం కత్తిరిస్తాం. దాన్నిబట్టి ఇంకోసారి పట్టకూడదని దూరం నుంచే తెలుస్తుంది. గండుపిల్లిని మర్నాడు వదలొచ్చు, ఆడదాన్ని కొన్ని రోజులు ఉంచాలి. ఆపరేషనైన గండుపిల్లులు కొట్లాడటం, గోడల మీద ఘాటు వాసన చిమ్మడం తగ్గిపోతాయి. మీ ఫిర్యాదుల్లో సగం అవే.

సగం పిల్లులకు చేయించి ఆపితే ఫలితం కనిపించదు. కనీసం డెబ్బై శాతానికి, అదీ కొద్ది నెలల వ్యవధిలోనే చేయించాలి. తర్వాత కొత్తగా వచ్చి చేరినవాటినీ వదలకూడదు.

కూనలు ఒంటరిగా కనిపించగానే ఎత్తుకురాకండి. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. తల్లి ఒక్కొక్కదాన్నే కొత్తచోటికి మోస్తూ ఉండవచ్చు, లేదా తిండికి వెళ్ళి ఉండవచ్చు. దూరం నుంచి కొన్ని గంటలు గమనించండి. ఎనిమిది వారాల లోపు కూనలు మనుషులకు తేలిగ్గా అలవాటుపడతాయి, వాటికి ఇళ్ళు వెతకవచ్చు.

పెరుగన్నం పెట్టే తల్లులకు ఒక మాట. పిల్లికి మాంసం లేనిదే బతుకు లేదు. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందకపోతే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. ఉప్పు, ఉల్లిపాయ వేయని ఉడికించిన కోడిమాంసం కలపండి, పాలకు బదులు నీళ్ళు పెట్టండి. జ్వరమొచ్చిందని మన పారాసిటమాల్ మాత్రం వేయొద్దు. ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోతుంది.

సంఘాన్ని నేను కోరేది ఇంతే. ఒక బోను కొనండి. ఆపరేషన్ల ఖర్చు మెయింటెనెన్స్ నిధి నుంచి పెట్టండి. అన్నం పెట్టే ఆవిడ ఒక్కతే తన చీటీ డబ్బుల్లోంచి పెట్టుకునే పరిస్థితి ఉండకూడదు. తిండిపెట్టే వేళ లిఫ్ట్ దగ్గర నోటీసు అంటించండి. పట్టే రోజు తేదీ కూడా అక్కడే రాయండి, ఎందుకంటే ముందు రాత్రి ఏ ఒక్క ఫ్లాట్ వాళ్ళు జాలిపడి చేపముక్క వేసినా, మర్నాడు బోను ఖాళీగానే ఉంటుంది.