నరకం అడుగున మంచు

అందరికీ నమస్కారం. నరకం అనగానే మన కళ్ల ముందు సలసల కాగే నూనె బానలు మెదులుతాయి. నేనూ ఆ ఊహతోనే ఇటలీ కవి డాంటే రాసిన 'డివైన్ కామెడీ' కావ్యం పట్టుకున్నాను. అందులో మంటలకేం కొదవ లేదు. కానీ దిగగా దిగగా తొమ్మిదో వలయానికి, అంటే అట్టడుక్కి చేరితే, అక్కడున్నది గడ్డకట్టిన సరస్సు. నమ్మినవాళ్లకు ద్రోహం చేసినవాళ్లు కొందరు మెడదాకా, కొందరు నిండా అందులో కూరుకుపోయి ఉంటారు. గాజులో ఇరుక్కున్న గడ్డిపరకల్లా ఉన్నారంటాడు కవి. కొందరికి కన్నీళ్లు కంట్లోనే గడ్డకడతాయి, ఇక ఏడుద్దామన్నా కుదరదు.

ఎందుకు మంచు? వెన్నుపోటు పొడిచేవాడు కోపంతో ఊగిపోడు కదా. నింపాదిగా లెక్క చూసుకుని పొడుస్తాడు. ఆ చల్లదనమే ఇక్కడ సరస్సయింది. మధ్యలో సైతాను రెక్కలాడిస్తుంటాడు. ఆ గాలికే నీళ్లు గడ్డకడతాయి, ఆ మంచులోనే తనూ ఇరుక్కుని ఉంటాడు.

ఈ కావ్యంలో నూరు సర్గలు. కథ 1300లో, ఈస్టర్ రోజుల్లో జరుగుతుంది. కథానాయకుడు కవే. చీకటి అడవిలో దారి తప్పిన డాంటేకి చిరుత, సింహం, ఆడ తోడేలు అడ్డొస్తాయి. కామం, గర్వం, పేరాశ అని చాలామంది చెబుతారు. వాటి లెక్క మీద పండితుల వాదన ఇంకా తెగలేదు, నాకైతే అంత ఓపిక లేదు. నన్ను పట్టేసింది 'కాంట్రపాసో' అనే మాట. తండ్రికీ కొడుక్కీ చిచ్చుపెట్టిన ఒకడు తెగిన తన తలనే లాంతరులా చేత్తో పట్టుకుని నడుస్తూ ఈ మాట అంటాడు. చేసిన పనే శిక్షగా ఎదురు తిరగడమన్నమాట.

ఇరవయ్యో సర్గలో జోస్యం చెప్పేవాళ్లుంటారు. ముందు జరగబోయేది చూస్తామన్నారు కదా, వాళ్ల తలలు వెనక్కి తిరిగిపోయాయి. నడవాలంటే వెనక్కే నడవాలి. కన్నీళ్లు వీపు మీదుగా జారి పిరుదుల మధ్యకు పోతుంటాయి. అది చూసి డాంటే బండకానుకుని ఏడ్చేస్తాడు. దారి చూపే ప్రాచీన రోమన్ కవి వర్జిల్ అతన్ని కసురుకుంటాడు: నువ్వూ ఆ మూర్ఖుల్లో ఒకడివేనా అని. శిక్ష వేసిన కవే ఆ శిక్ష చూడలేక ఏడుస్తున్నాడు! వర్జిల్ చెప్పింది ధర్మమే కావచ్చు, నా మనసు మాత్రం ఆ ఏడుపు వైపే.

అలాగని డాంటే సాధువేం కాదు, కక్ష బాగానే ఉంది. 1302లో సొంతూరు ఫ్లోరెన్స్ అతన్ని వెళ్లగొట్టింది. చిక్కితే సజీవంగా తగలబెట్టమంది. అందుకు కారకుడని అతను నమ్మిన పోప్ ఎనిమిదో బోనిఫేస్ కథాకాలానికి బతికే ఉన్నాడు. మరి నరకంలో వేసేదెలా? పదవులమ్ముకున్న పాత పోప్ ఒకడు తలకిందులుగా గోతిలో ఉంటాడు, అరికాళ్లకు మంటలు. డాంటే పలకరింపు విని, 'అప్పుడే వచ్చేశావా బోనిఫేస్?' అంటాడు. సీటు రిజర్వు చేసేశాడన్నమాట!

రెండో భాగం పర్గెటరీ, అంటే స్వర్గానికి ముందు పాపాలు కడుక్కునే చోటు. అక్కడా పద్ధతి ఇదే, కానీ అక్కడ శిక్ష వైద్యం. అసూయపరుల కనురెప్పల్ని, అడవి డేగకు కుట్టినట్టు, ఇనుప తీగతో కుట్టేశారు. కళ్లలో నిప్పులు పోసుకోవడం మనకు తెలిసిందే, అక్కడ ఆ కళ్లకే తాళం. కుట్ల సందుల్లోంచి నీళ్లు కారుతుంటాయి. బతికున్నప్పుడు ఒకరినొకరు ఓర్వలేనివాళ్లు, ఇప్పుడు ఒకరి భుజానికొకరు ఆనుకుని కూర్చున్నారు. వాళ్ల ముందు నడుస్తుంటే డాంటేకి ఇబ్బందిగా ఉంటుంది. వాళ్లకు నేను కనపడను, నేను మాత్రం వాళ్లను చూస్తున్నాను, ఇది మర్యాద కాదేమో అనిపిస్తుంది. వర్జిల్ వైపు తిరుగుతాడు. అడక్కముందే వర్జిల్ అంటాడు: మాట్లాడు, క్లుప్తంగా, సూటిగా.

అధ్యక్షులవారు కూడా గడియారం చూస్తున్నారు. సెలవు.